ఐదో అద్దం

నేను ఒక ఆటో అద్దాన్ని. బండికి మామూలుగా ఉండే రెండిట్లో ఒకదాన్ని కాదు, ఐదోదాన్ని. నవ్వొస్తే నవ్వండి, కాకినాడలో మా స్టాండంతా నవ్వింది. నాకు మాత్రం ఆ బండి మీద ఉన్నన్నాళ్ళూ భయమే.

ఏదో ఫ్యాక్టరీలో నా వీపుకి పూత పూసి, నల్ల ప్లాస్టిక్ చట్రంలో బిగించి, లారీకెక్కించారు. ఆ తరువాత స్పేర్ పార్టుల కొట్లో తీగకి వేలాడాను. అద్దం కొనేవాడు ముందు మీసం చూసుకుంటాడు, జుట్టు సవరించుకుంటాడు, ఆ తరువాతే ధర అడుగుతాడు. ఆటో నడిపే నూకరాజు అలా చేయలేదు. నన్ను మోకాలి ఎత్తున పట్టుకుని, వంచి, తిప్పి, నేల ఎంత కనిపిస్తుందో చూశాడు. అప్పటికే తగిలించిన రెండు అదనపు అద్దాలు చాలక, తీసుకెళ్ళి ఎడమ వెనక చక్రం కనిపించేలా బిగించాడు.

అతనికి ముప్పయ్యారేళ్ళు. పదమూడేళ్ళ సర్వీసులో కోడిపిల్లని కూడా తొక్కలేదు. కానీ చక్రం గోతిలో పడి బండి ఎగిరిందంటే చాలు, ఎవరినో తొక్కేశానని గుండె జారిపోయేది. నాలోకి చూసేవాడు. ఖాళీ రోడ్డు. మళ్ళీ చూసేవాడు. నమ్మకం కుదిరేది కాదు. కిలోమీటరు వెళ్ళాక బండి తిప్పి వెనక్కి వచ్చి, దిగి, మురిక్కాలవలోకి కూడా తొంగి చూసేవాడు.

"ఏవయ్యా, పొద్దున్నే తాగేసి తోల్తన్నావా?" అని తిట్టి దిగిపోయేవారు జనం. రోజూ ఎక్కే టీచర్లు వేరే ఆటో మాట్లాడుకున్నారు. అతను మాత్రం పేపర్లో ప్రమాదాల వార్తలు వెతుక్కునేవాడు, అందులో తన బండి ఉందేమోనని.

భార్య తాయారు కుట్టుమిషను మూసేసి వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది, సాక్షిగా.

"ఎవర్నైనా గుద్దేసేనేమోనే?"

"ఎవరూ లేరయ్యా. గొయ్యది."

"సరిగ్గా చూసేవా?"

"చూసేనయ్యా బాబూ!"

రోజుకి ఎన్నిసార్లో. ఆవిడ గొంతు బొంగురుపోయింది.

స్టాండు పెద్దలు దిష్టి తగిలిందని తేల్చారు. మంగళవారం బండికి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "పోనియ్యరా" అన్నారు. చక్రం కింద నిమ్మకాయ చితికింది. మెత్తగా, తడిగా ఒక చప్పుడు. నాలోకి తొంగి చూసిన నూకరాజు ముఖం పాలిపోవడం చూశాను. దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రానికి అంటిన గుజ్జుని వేలితో తీసి వాసన చూశాడు. మంచి చేయబోయినవాళ్ళంతా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ప్రతి మలుపులోనూ అతనికి ఆ చప్పుడు వినపడేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకూ వినపడేది. నాలో ఏమీ లేదని తెలిసి కూడా, నేనే సరిగ్గా చూడలేదేమో అనిపించేది.

ఒక మధ్యాహ్నం సామర్లకోట రోడ్డులో బండి కుదిపింది. అతను కళ్ళు నా మీదే పెట్టి, ఉన్నట్టుండి వెనక్కి తిప్పేశాడు. నేను చూపించేది చక్రం పక్కన జానెడు నేల. ఆ నేలంతా ఒక్కసారిగా లారీ టైరుతో నిండిపోయింది. బ్రేకు కీచుమంది. తాయారు కేక. టైరు మా చక్రానికి బెత్తెడు దూరంలో ఆగింది.

లేని మనిషి కోసం వెతుకుతూ, ఉన్న మనిషిని చంపబోయాడు. తాయారు ఏడవలేదు. "పద, పెద్దాసుపత్రికి," అంది.

అక్కడి డాక్టరు మందులు రాసి, ఇది వద్దన్నా అదే అనుమానం మళ్ళీ మళ్ళీ వచ్చే ఓసీడీ అనే జబ్బని, పిచ్చీ కాదు, గాలీ కాదని చెప్పిందట. కొన్ని వారాలకి, మాటలతో వైద్యం చేసే రజియా మేడం తనే వచ్చి బండెక్కింది. తాయారు పక్కన కూర్చుని, "గతుకుల రోడ్డుకే పోనివ్వండి," అంది.

మొదటి గోతిలోనే బండి ఎగిరింది.

"మేడం, ఎవరూ లేరు కదండీ?"

"నేను చెప్పను నూకరాజుగారూ. తాయారుగారు కూడా చెప్పరు. ట్రాఫిక్ కోసం పైనున్న ఆ రెండు అద్దాలు మామూలుగా చూసుకోండి. తొక్కానా లేదా అని మాత్రం వెతకొద్దు. వెనక్కి తిరిగిన ప్రతిసారీ భయానికి మేత వేస్తున్నారు. ఉండనివ్వండి, దానంతటదే తగ్గుతుంది."

తాయారు కొంగు నోట్లో కుక్కుకుంది. ఎన్నాళ్ళుగానో అలవాటైన ఆ "ఎవరూ లేరయ్యా" పెదవుల దాకా వచ్చి ఆగడం ఎంత కష్టమో! నాలో రోడ్డు ఖాళీగా ఉంది. అరవాలనిపించింది నాకు. అతని చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. "సచ్చిపోతానండి," అన్నాడు. బండి మాత్రం ఆపలేదు.

అలా ఎన్ని ఆదివారాలో. మధ్యలో రెండుసార్లు తిరిగి వెళ్ళి చూశాడు కూడా. మేడం కోప్పడలేదు, మర్నాడు మళ్ళీ అదే రోడ్డుకి రమ్మంది. తాయారు మళ్ళీ మిషను తెరిచింది. ఒక ఉదయం అతనే స్పానరు తెచ్చి మూడు అదనపు అద్దాలూ విప్పాడు. చివరిది నేను.

ఇప్పుడు మేం ముగ్గురం మిషను కింద అట్టపెట్టెలో, గుడ్డముక్కల మధ్య ఉన్నాం. పొద్దున్నే అతని బండి కదులుతుంది. సందు చివర గోతిలో చక్రం దబ్బున పడుతుంది. తాయారు మిషను ఒక్క క్షణం ఆగుతుంది. ఆటో శబ్దం వెనక్కి రాదు, దూరమవుతుంది. ఆ చక్రం కింద ఏముందో నాకిప్పుడు కనిపించదు. ఏమో అనుకుంటూనే ముందుకు పోవడం అతను నేర్చుకున్నాడు. నేనింకా నేర్చుకోలేదు.