దిగిపోయే బకెట్టు

నర్సరీ ఆయన తెగిపోయిన చెప్పు చేత్తో పట్టుకుని రిపేరు షెడ్డులోకి వచ్చాడు. ఆయన చిన్న ట్రాక్టరు, దాని ముందు మట్టి ఎత్తే బకెట్టు, గుమ్మం బయట ఎండలో నిలబడి ఉన్నాయి.

“కాలు మిగిలింది, చెప్పు పోయింది,” అన్నాడు. “బకెట్టు పైకెత్తి, ఇంజను ఆపి, కింద కుండీలు సర్దుకుంటున్నాను. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు, మెల్లగా దిగి, కాలు లాక్కునేసరికి చెప్పు మీద కూర్చుంది. రెండుసార్లు బాగుచేశారు కదమ్మా, ఏం బాగుచేసినట్టు?”

ఆ షెడ్డు నడిపే అక్కాచెల్లెళ్లలో అక్క చేతిలోని పానా బల్ల మీద పెట్టింది. పెట్టిందనడం కంటే పడేసిందనాలి.

“ఎత్తిన బకెట్టు కింద దూరొద్దని మీకు చెప్పలేదా?”

“ఇక దిగదని కూడా మీరే చెప్పారు.”

ఎదుటివాళ్ల మాట నిజమైనప్పుడల్లా ఆమె కోపం చెల్లెలి మీదికి మళ్లుతుంది. ఆ రోజూ అంతే అయింది. షెడ్డుకు ఆ చివర సామాను కడుక్కుంటున్న చెల్లెలి వీపు వైపు ఉరిమి చూసింది.

ఆ బకెట్టును ఎత్తే చేతులు రెండు. ఒక్కో చేతికి ఒక్కో హైడ్రాలిక్ సిలిండరు. లోపల నూనె ఒత్తిడి నిలిచినంతసేపు చేతులు పైనే ఉంటాయి, ఎక్కడో జారితే కిందికి వచ్చేస్తాయి. ఆ షెడ్డుకు ఏ బండి వచ్చినా ఎడమ సిలిండరు అక్కది, కుడిది చెల్లెలిది. చిన్నప్పుడు పని నేర్పుతూ, ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకోకుండా తండ్రి చెరో పక్కన కూర్చోబెట్టాడు. తండ్రి పోయాక కూడా ఆ ఏర్పాటు పోలేదు. ఒకరి పక్క ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఈ ట్రాక్టరు వచ్చిన రెండుసార్లూ ఎవరి సిలిండరు వాళ్లు విప్పారు, నూనె జారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఎవరివి వాళ్లు మార్చారు, రెండోవాళ్లే చెడగొట్టారని ఎవరికి వాళ్లు నమ్మారు. కొన్నాళ్లుగా ఎడమొహం పెడమొహం.

“నీ పక్కే జారుతోంది,” అంది అక్క.

“నా పక్క అద్దంలా ఉంది. నీ కళ్లకే అద్దాలు కావాలేమో.”

“నోరు లేస్తోందే.”

“ఇన్నాళ్లూ పడుకోబెట్టాను గనక,” అంటూ చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఇవాళ తాడో పేడో తేలాలి. పెద్ద వర్క్‌షాపు వాళ్లు రమ్మంటున్నారు. తప్పు నాదైతే మొహం చెల్లక వెళ్లిపోతాను. నీదైతే నీ దెప్పుళ్లు పడలేక వెళ్లిపోతాను.”

“రెండు విధాలా పోయేదానివి, ఇక చూడ్డమెందుకు?”

“పోయేముందు ఎవరిదో తెలియాలి. లేకపోతే జీవితాంతం నాదే అంటావు.”

అక్కకు ఆ ‘వెళ్లిపోతాను’ ఒక్కటే వినిపించింది. ఆ గుమ్మంలోంచే ఆమె భర్త వెళ్లిపోయాడు. పోయేవాడు వెళ్లొస్తానని అనలేదు, వెళ్తున్నానని అన్నాడు. అప్పటినుంచీ ఎవరు గుమ్మం వైపు నడిచినా ఏ మాట అంటారోనని ఆమె చెవులు అటే ఉంటాయి. చిల్లర సామాన్లు తేవడానికి వెళ్లే మనిషిని కూడా ఎప్పుడొస్తావని రెండుసార్లు అడుగుతుంది.

“పట్టు, చూద్దాం,” అంది పళ్లు బిగించి.

బకెట్టు పైకెత్తారు. చేతుల కింద జాకీ ఆనించి, దానికి కాస్త దిగువన ఇనుప స్టాండు నిలిపారు. ఇంజను ఆపి, లివరు అటూ ఇటూ కదిపి ఒత్తిడి వదిలించారు. రెండు సిలిండర్లకూ గొట్టాలు ఊడదీసి, బరువు మోసే నూనె ఉన్న కింది నోళ్లకు మూతలు బిగించి, పై నోళ్లు తెరిచి ఉంచారు. తర్వాత జాకీని బెత్తెడు దించి బరువంతా సిలిండర్ల మీదికి వదిలారు. ఇప్పుడు లోపలి సీలు ఎవరిది చెడితే వాళ్ల సిలిండరు పై నోట్లోంచి నూనె కారి బండారం బయటపడుతుంది.

అక్క కుడి సిలిండరును చూస్తూ నిలబడింది, చెల్లెలు ఎడమదాన్ని. ఇద్దరిలో ఎవరూ తన పక్క చూసుకోలేదు. నర్సరీ ఆయన స్టూలు మీద కూర్చుని ఒకసారి ఈమెనూ ఒకసారి ఆమెనూ చూశాడు. ఆయన టీ తాగి వచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. బకెట్టు వెంట్రుకవాసి కదలలేదు, ఏ పక్కా నూనె చుక్క కారలేదు.

“ఆగిందిగా,” అన్నాడాయన. “మరి ఎవరిది తప్పు?”

ఇద్దరి పక్కా తప్పు లేకపోతే మిగిలింది మధ్యలోది. సీటు పక్కన, లివరు కింద, నూనెను అటూ ఇటూ పంపే వాల్వు. ఆ షెడ్డులో వాల్వులు అక్క భర్త పని. ఆయన వెళ్లాక ఆయన కూర్చున్న బల్లను ఎవరూ ముట్టుకోలేదు, ఆ పని ఊసూ ఎత్తలేదు.

“వాల్వు,” అంది చెల్లెలు మెల్లగా.

అక్క ఒంటికాలి మీద లేచింది. “పోయినవాడు ఊరికే పోక, పనిలో కూడా చిల్లు పెట్టి పోయాడన్నమాట.”

“ఆయన పెట్టలేదు. అరిగింది. నువ్వు ఎవరినీ చూడనివ్వలేదు.”

“నువ్వు అడిగావా?”

“అడిగితే కరవవూ?”

అక్క కసిగా వెళ్లి వాల్వు బోల్టులు తనే విప్పింది. లోపలి కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి, గోరుతో గీసి చూసింది. నిలువునా ఉన్న గాటులో గోరు దిగబడింది. సీళ్లు ఎన్నిసార్లు మార్చినా నూనె జారిపోతున్నది ఆ గాటులోంచే. ఏమీ చెడని రెండు సిలిండర్లను విప్పుకుని, ఒకరినొకరు చేతగానివాళ్లని తిట్టుకుంటూ ఇన్నాళ్లు కూర్చున్నారు. కాస్తలో నర్సరీ ఆయన కాలు చితికేది.

ఆమె కోపంతో ఆ కడ్డీని పైకెత్తింది. విసరడానికి ఎదురుగా ఎవరూ లేరు.

నర్సరీ ఆయన దగ్గరికి వెళ్లి, “తప్పు నాది,” అంది. “వాల్వు పాడైంది. చూడాల్సింది, చూడలేదు. కొత్తది వేసి, మా కళ్ల ముందు బకెట్టును పూటంతా పైన నిలబెట్టి చూశాకే బండి ఇస్తాను.”

“నాదేంటి?” వెనకనుంచి చెల్లెలు గద్దించింది. “మాది అను. తప్పంతా నీ ఒక్కదానిదే అయితే షెడ్డంతా నీ ఒక్కదానిదే అయినట్టు. నేనేం ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చానా?”

“మరి పోతానన్నావుగా.”

“తప్పు నాదైతే అన్నాను, నీదైతే అన్నాను. ఇద్దరిదీ అయితే ఏం చేస్తానో నేనింకా చెప్పలేదు.” ఆ కడ్డీని అక్క చేతిలోంచి లాక్కుని కొత్తదాని కోసం కొలతలు తీయడానికి కూర్చుంది. “ఆ దీపం ఇటు పట్టుకో. కదలనివ్వకు.”