నీళ్ళు పోసినవాళ్ళు

నా కూతురు అఖిలాండం మిట్టమధ్యాన్నం పత్తి గిన్నింగు షెడ్డు నించి ఒంటిగా నడిచి వచ్చినాది. పని విడిచే కూత ఇంకా కొట్టలేదు. తల నిండా దూది. రవిక భుజం కాడ చినిగి ఉండినాది. వీధంతా చూసినాది, ఏమని ఒక్కరూ అడగలేదు. మిషన్లో చెయ్యి పోయినాదేమో అని నేను ముందు దాని చేతులు చూసినాను. రెండూ ఉండినాయి.

"పత్తి తొక్కేదానికి గోడౌనుకి రమ్మన్నాడమ్మా మేస్త్రీ నరసింహన్," అనినాది. "తలుపు వేసినాడు. వద్దు వద్దన్నా విడవలేదు. నన్ను చెరిచినాడు."

షెడ్డువాళ్ళు ఇచ్చిన మా లైను ఇళ్ళలో ఒక వాడిక ఉంది. సావుకి పోయి వచ్చినా, వేరే కీడు తగిలి వచ్చినా, గడప దాటక ముందే ఇంటికొక చెంబు పసుపునీళ్ళు తల మీద పోయాలి. కట్టిన బట్ట కాలవలో విడవాలి. లైనుకి పెద్దది పొన్నుతాయి ముందు చెంబు తెచ్చినాది. వెనకాలే అందరూ వచ్చినారు. వాకిట్లో చీర అడ్డం పట్టి, ఏడుస్తానే పోసినారు. బిడ్డ బట్టలు కాలవలో పోయినాయి.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు మొదట అడిగింది అదే. "బట్టలెక్కడ?"

"కాలవలో విడిచినాము అయ్యా."

"స్నానం?"

"పోసినాము."

నవ్వినాడు. "అంతా కడిగేసి నా దగ్గరకి వచ్చినారా. పోండి, ఆసుపత్రిలో ఏమన్నా మిగిలి ఉంటే రాయించుకుని రాండి."

ఆసుపత్రిలో ఆడడాక్టరు లేదు. మదురై నించి వారానికొక తడవ వస్తాదంట. రేపు రా, ఎల్లుండి రా అని కాంపౌండరు తిప్పినాడు. బిడ్డ బావికి పోతే నేను వెనకాలే పోయేదాన్ని. అది తిరిగి చూసి, "దూకనులేమ్మా, నీళ్ళకే వచ్చినాను" అనేది. అయినా పోయేదాన్ని.

డాక్టరమ్మ వచ్చేసరికి కమిలిన గుర్తులు మానిపోయినాయి. ఆమె మాత్రం సరిగానే చెప్పినాది. "ఇంత ఆలస్యంగా చూస్తే గుర్తులు కనపడవు తల్లీ. కనపడలేదు గనక జరగలేదని అర్థం కాదు. అట్లానే రాస్తాను." అట్లానే రాసినాది. ఇన్‌స్పెక్టరు మొదటి సగం చదివి కాగితం మడిచినాడు. "గుర్తులు లేవు. కేసు లేదు. పో."

ఆదివారం లైను వాకిట్లో కూటం పెట్టినారు. సేత్తూరు, చోళపురం నించి షెడ్డుకి వచ్చే ఆడోళ్ళు కూడా కూర్చున్నారు. కూలీల సంఘం రాఘవన్ లేచినాడు. చదువుకున్నవాడు, మంచివాడే.

"అక్కలారా, డాక్టరు సర్టిఫికేట్ లేని కేసు నిలవదు. షెడ్డు నడిపే ముతలాళి నవ్వుతాడు. కూలి పెంచమని సమ్మె చేస్తాము. అందులో మేస్త్రీ సంగతి కూడా కలిపి అడుగుదాము."

"కలిపి అంటే, చారులో కరేపాకు మాదిరా?" అని అడిగినాది అంబుజం, అఖిలాండం పక్క మిషనుది. కొందరు నవ్వినారు. అంబుజం నవ్వలేదు. "తిని పక్కన తీసి పెట్టేస్తారు. పోయిన పత్తికాలంలో నన్నూ గోడౌనుకి పిలిచినాడు. పరిగెత్తి వచ్చేసినాను. నా దగ్గరా సర్టిఫికేట్ లేదు."

"నేను నమ్మలేదని చెప్పినానా?" అనినాడు రాఘవన్.

"నమ్మితే ముందు దీనికి నిలబడన్నా."

అప్పటిదాకా నా వెనక కూర్చున్న అఖిలాండం లేచినాది. "నా ఒళ్ళు అందరూ చూసినారు. ఇంక చూడొద్దు, నేను చెప్పేది వినండి. వాడు మేస్త్రీగా ఉండే షెడ్డులో నేను కాలు పెట్టను. మీరు పెడతారా?"

నేను దాని కొంగు లాగినాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, మమ్మల్ని రోడ్డున వేస్తారు, ఒక దినం దీన్ని చంపి కాలవలో వేస్తారు. నాకు అంతా అట్లానే తోస్తాది. పొన్నుతాయి నా చెయ్యి విడిపించినాది. "మాట్లాడనీవే."

"సరి. రేపు మగోళ్ళమూ లోపలికి పోము," అనినాడు రాఘవన్.

సోమవారం మిషన్లు తిరగలేదు. అందరమూ స్టేషనుకి పోయినాము. లోపల కుర్చీలో నరసింహన్ కాఫీ తాగతా కూర్చోనుండినాడు. ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికి వచ్చినాడు.

"ఆ పొద్దు నీళ్ళు పోసింది ఎవరెవరు? సాక్ష్యం మాపడం నేరం. చెప్పండి, లోపల వేస్తాను."

ఇప్పుడు నేను కాదు నేను కాదు అంటారు, నా బిడ్డ ఒక్కటే మిగులుతాది అనుకున్నాను.

"నేను పోసినాను," అనినాది పొన్నుతాయి. "మెడ మీద గోళ్ళ గీతలు నా కళ్ళతో చూసినాను."

"నేనూ పోసినాను. చేతుల మీద వేళ్ళ అచ్చులు," అనినాది ఎదురింటి పాపాత్తి. ఒకరి తరవాత ఒకరు లైనంతా చెప్పినారు. నేనూ చెప్పినాను.

"రాయి," అనినాడు ఇన్‌స్పెక్టరు రైటరుతో. "సాక్ష్యం కడిగినారు."

"రాయించండి అయ్యా," అనినాది అఖిలాండం. "ఏమీ జరగలేదన్నారు గదా. మరి వీళ్ళు కడిగింది ఏమిటి? అది కూడా రాయించండి."

రైటరు కలం ఆగినాది. లోపల నరసింహన్ లోటా కింద పెట్టినాడు.

"అది వద్దు," అనినాడు ఇన్‌స్పెక్టరు. "గుంపు చేరినారని రాయి."

పొన్నుతాయి మెట్టు మీద చతికిలబడినాది. "మేము చూసింది రాసేదాకా లేవము." రోడ్డు మీద అందరూ కూర్చున్నారు. తళవాయిపురం బస్సు ఆగిపోయినాది. లాఠీలు బయటికి వచ్చినాయి. ఏ తల పగులుతాదో అని నేను కూతురి తల మీద నా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ముందు వరసని ఈడ్చినారు. పొన్నుతాయిని, పాపాత్తిని, నా బిడ్డని, నన్ను. స్టేషను గడప కాడ తిరిగి చూసినాను. నేను కూర్చోనుండిన చోట సేత్తూరు మనిషి ఒకతె వచ్చి కూర్చున్నాది. ఆమె పేరు నాకు తెలియదు.