నజ్రాన్ మూట

అల్మారా తలుపు తీసేసరికి మూట లేదు. నౌషీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు తీసినారు? ఇక్కడ చెయ్యి పెట్టింది ఎవరు?" అని అరిచింది. గదిలో ఎవరుంటే కదా పలకడానికి.

అల్ ఖోబర్‌లో ఒక షేఖ్ తన పాత విల్లాలో కూడబెట్టిన సంగ్రహం అది, త్వరలో మ్యూజియంగా తెరవబోతున్నాడు. ఒకప్పుడు ఈ అరేబియా నేల మీద బతికిన యూదుల వస్తువులు: వాళ్ళ కంసాలులు చేసిన వెండి గాజులు, శుక్రవారం సాయంత్రం వెలిగించుకునే దీపాలు, పాత ఫొటోలు. వాటన్నిటికీ ఆర్కైవిస్టు నౌషీన్, కర్నూలు పిల్ల. "యూదుల సామాను తుడిచేదానికి సౌదీ దాకా పోవల్లనా?" అని వాళ్ళక్క ఫోనులో ఎత్తిపొడిచినా లెక్కచేయలేదు.

అన్నిట్లోకీ ఆమె ప్రాణం పెట్టుకున్నది ఆ మూట మీదే. అందులో ఉన్నవన్నీ చినిగిపోయిన హీబ్రూ పుటలు. దేవుడి పేరు రాసిన కాగితం పాడైతే యూదులు పారేయరు. ఒకచోట పోగుచేసి, మనిషిని పూడ్చినట్టే మట్టిలో పూడుస్తారు. యెమెన్ సరిహద్దు దగ్గరి నజ్రాన్‌లో ఒక యూదు కుటుంబం అలా పూడ్చాలనే పోగేసింది. ఈలోగా ఊరే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళ అటక మీద మిగిలిపోయిన మూట చేతులు మారి మారి ఇక్కడికి చేరింది. నౌషీన్ ఒక్కో పుటను మెత్తని కుంచెతో దులిపి, సాపు చేసి, ఫొటో తీస్తూ వస్తోంది. సగం అయింది. మిగతా సగంలో ఏముందో లోకంలో ఎవరికీ తెలియదు.

మేనేజర్ జావీద్ గదిలోకి దూసుకెళ్ళింది. హైదరాబాదు మనిషి, ల్యాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఆ చినిగిన కాయిదాలా? ఓపెనింగ్ దగ్గర పడ్డది నౌషీన్. ఆ అల్మారాల వెండి సామాను పెట్టాలె. మీరు సెలవుల ఉంటిరి, నేనే ఖాజావలికి చెప్పిన, చెత్తల పడేయమని."

"చెత్తా? సాబ్, మీరు దాన్ని చెత్త అంటున్నారా?"

"మరేంది? సగం చెదలు తిన్నయి. ఎవడు చూస్తడు వాటిని?"

"గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!" అని మొహం మీదే అనేసి, ఆయన నోరు తెరిచేలోపే బయటికి ఉరికింది.

ఖాజావలి వెనక వరండా తుడుస్తున్నాడు. రాయచోటి మనిషి, ఆమెకు తండ్రి వయసువాడు.

"చాచా, మూట యాడ పారేసినావు? చెత్త బండి వచ్చి పోయిందా?"

"చెత్తలో ఎందుకేస్తానమ్మా?" ఆయన నొచ్చుకున్నాడు. "దేవుని పేరుండే కాగితాలు. మూసా పైగంబరు వాళ్ళవని నువ్వే చెప్తివి గదా. మన పక్క ఖురాన్ పేజీలు చినిగితే ఏం జేస్తాం? గుడ్డలో చుట్టి, మనుషులు తొక్కని తావులో పూడుస్తాం. అట్లే జేసినా. అదో, ఆ యాపమాను కింద."

హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

"నన్ను ఒక మాట అడగద్దా? ఫోను లేదా నీ దగ్గర? కండ్లు పోయేటట్టు కూర్చొని చేసిన పని చాచా అది! నువ్వెవరు పూడ్చేదానికి?"

తిట్లన్నీ ఆయన తల వంచుకుని విన్నాడు. తాను చేసిన తప్పేమిటో మాత్రం పాపం అంతుబట్టలేదు. దొంగనైతే తిట్టవచ్చు, సోమరినైతే తిట్టవచ్చు. పద్ధతిగా చేసినవాణ్ణి ఏమని తిట్టేది? అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. మూలనున్న పార లాక్కుంది.

"తవ్వుకో తల్లీ, నీ సామాను," అన్నాడు. "నేనైతే ముట్టను. పూడ్చినాంక తీయగూడదు."

ఇసుక నేల, తేలిగ్గానే లేచింది. మోకాటి లోతు పోకముందే తెల్లటి గుడ్డ కనిపించింది. మందపాటిది, కుట్టు లేనిది. చూడగానే గుర్తుపట్టింది.

"చాచా, ఇది నీ ఇహ్రామ్ గుడ్డ గదా?"

"అవున్మా. మక్కాకు ఉమ్రా పొయినప్పుడు కట్టుకున్నది. నా కఫన్‌కని దాచిపెట్టుకోనుంటి. అంత మంచి గుడ్డ ఇంగోటి యాడుంది నా దగ్గర?"

తాను చచ్చిపోయినప్పుడు చుట్టమని దాచుకున్న గుడ్డ. నౌషీన్ పార పట్టుకుని నిలబడిపోయింది. కోపం పోలేదు, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ నజ్రాన్ వాళ్ళు చేయాలనుకుని చేయలేకపోయిన పని ఈయన చేసేశాడు. అయినా సరే, ఆమెకు ఆ పుటలు కావాలి. చదవని సగం కావాలి. చిన్నపిల్లలా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒంగి గుడ్డ అంచు పట్టుకుంది.

"ఆగు, ఆగు! గట్లనే ఉండు నౌషీన్!"

జావీద్. ఫోను ఎత్తి పట్టుకుని వస్తున్నాడు. ఖాజావలి మాటలన్నీ వరండాలోంచి విన్నట్టున్నాడు.

"వీడియో తీస్తున్న. యూదుల కాయిదాలకు ముసల్మాన్ కఫన్! అరే, ఓపెనింగ్‌ల ఇదే మెయిన్ పీస్. గుడ్డతోని సహా అద్దాల పెట్టెల పెడదాం. ఖాజా, నువ్వు గూడ పక్కకు రా. జర ఏడ్సినట్టు మొహం పెట్టు."

ఖాజావలి కదల్లేదు. నౌషీన్ గుడ్డ వదిలేసింది. పార తిప్పి, తీసిన ఇసుకనంతా గుంతలోకి తోయడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?"

"చెత్త పూడుస్తున్నా."

"పాగల్ అయినవా? షేఖ్‌కు ఏం చెప్పాలె నేను?"

"చెత్త అన్నది నువ్వు, పారేయమన్నది నువ్వు. అదే చెప్పు. నీకు నోరు రాకుంటే నేను చెప్తా." ఆమె నోట్లోంచి 'సాబ్' ఎప్పుడో ఎగిరిపోయింది, 'మీరు' కూడా పోయింది. "నిన్న పెంట మీదికి, ఈ పొద్దు అద్దాల పెట్టెలోకా? సిగ్గుండల్ల మనిషికి!"

"ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్త! ఇద్దర్నీ ఒక్కటే ఫ్లైటుల ఎక్కిస్త!"

"కొట్టించు పో!"

ఫోను చెవికి పెట్టుకుని అతను లోపలికి నడిచాడు. గుంత ఇంకా నిండలేదు. ఖాజావలి మెల్లగా వచ్చి ఆమె చేతిలోని పార తీసుకున్నాడు.

"దీంతో వద్దమ్మా. చేత్తో ఎయ్యి. మూడు పిడికిళ్ళు."

నాన్న పోయినప్పుడు ఆమెను గడప దగ్గరే ఆపేశారు. ఆడవాళ్ళు కబ్రస్తాన్‌కు రాకూడదన్నారు. అన్నలు పోయి మట్టి వేసి వచ్చి చేతులు కడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి నింపుకుంది.

మొదటిది జావీద్ మొహాన కొట్టినట్టే కొట్టింది. రెండోది కాస్త నెమ్మదిగా వేసింది. మూడో పిడికిలి మూసుకునే ఉంది. అందులో చదవని సగమంతా ఉంది, వేళ్ళు విచ్చుకోవడం లేదు.

"ఎయ్యి తల్లీ," అన్నాడు ఖాజావలి. "వాండ్లు శానా కాలం నుంచి కాచుకోనుండారు."

వేసింది.