ఆరు పెట్టలకి ప్లాను

"కోళ్ళకి ప్లానేమిటి? ఓ గంప బోర్లిస్తే చాలదా?" అన్నాడు మా ఆయన, తిన్న ప్లేటు నా గ్రాఫు కాగితం అంచు మీద పెడుతూ. ప్లేటు తీసి సింకులో వేసి వచ్చి, తడి అంటిన చోట చెరిగిన గీతని మళ్ళీ గీశాను. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేశాను. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు. "ఆ స్కేలూ పెన్సిలూ ఇంకా పారెయ్యలేదా నువ్వు?" అని నవ్వి, బూట్లకి పాలిష్ లేదని గుర్తుచేసి వెళ్ళాడు.

పక్కింటి నర్సు బదిలీ మీద వెళుతూ తన ఆరు పెట్టల్ని నాకు అప్పజెప్పింది. పదకొండేళ్ళు ప్రహరీగోడకి చెరోపక్క నిలబడి మాట్లాడుకున్నాం. రోజు మొత్తంలో నేను నోరారా మాట్లాడింది ఆవిడతోనే. ఇంట్లో నావన్నీ "ఆఁ, వస్తున్నా", "ఇదిగో, తెస్తున్నా". ఆవిడ వెళ్ళిన మర్నాడు అలవాటు కొద్దీ గోడ దాకా వెళ్ళి, ఖాళీ పెరడు చూసి వెనక్కి వచ్చాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఫోన్ చేసి చెబితే "పోన్లే అమ్మా, కోళ్ళతో నీకూ కాలక్షేపం దొరికింది" అంది. కాలక్షేపమట! ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఊపిరి సలపక చస్తుంటే.

ముందు వాటిని ఫ్రిజ్ వచ్చిన పాత చెక్కపెట్టెలో ఉంచాను. పొద్దున్నే మూత తీస్తే రెట్టల ఘాటు కళ్ళలో కొట్టేది. గోధుమరంగు పెట్ట నోరు తెరుచుకుని గురగురమంటూ గాలి పీల్చేది. పశువుల డాక్టరు మందిచ్చి, మందుకంటే గాలి ముఖ్యమన్నాడు. వానలు పడేలోపు మంచి గూటిలోకి మార్చకపోతే ఇది దక్కదు, మిగతావీ దీని వెనకే పోతాయన్నాడు.

అందుకే ఈ ప్లాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నేల చెమ్మ అంటకుండా కింద రెండు వరసల ఇటుకలు. కోళ్ళు ఎక్కి పడుకునే కర్ర నడుమెత్తున. వాటి తలలకి బాగా పైన, కప్పు కింద, రెండువైపులా జానెడు ఖాళీ వదిలి ఇనుప వల. గాలి కోడి ఒంటికి కొట్టకూడదు, నెత్తి మీదుగా పోవాలి. వాటి ఊపిరిలోని వేడీ తడీ ఆ ఖాళీలోంచి బయటికి పోవాలి. చలేస్తుందని జనం అన్నీ మూసేస్తారు గానీ, చలికంటే ఆ ఉక్కే వాటిని చంపుతుంది. గీస్తుంటే చేతికి పాత వాడుక తిరిగొచ్చింది. గీత కింద గీత ఎంత తిన్నగా వచ్చిందో! ఎవరికైనా చూపించాలని ప్రాణం కొట్టుకుంది. కాగితం మడిచి పోపుల డబ్బా కింద పెట్టాను.

వడ్రంగి పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సారు గీశారా?" అన్నాడు. నేనే అన్నాను. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదట్నుంచీ చూశాడు.

"లోపల ఊడ్చేదెవరమ్మా?"

"నేనే."

"మరి తలుపు నాలుగడుగులే గీశారేం? రోజూ వంగితే నడుం పడిపోదూ?"

నా తలకాయ! కోళ్ళ రెక్కలకెంత జాగా, ముక్కులకెంత గాలి అని లెక్కేశాను. నన్ను లెక్కలో వేసుకోలేదు. ఆయన నన్ను గోడకి ఆనుకుని నిలబడమని, టేపు పెట్టి కొలిచాడు. ఐదడుగుల అంగుళం. పైన రెండంగుళాలు కలిపి సుద్దతో రాసుకున్నాడు. ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి. మా అత్తగారు పొడగరి. ఈ ఇంట్లో వంటగట్టు ఆవిడ ఎత్తుకి కట్టించారు. నేను పీటేసుకుని నిలబడి వండుతాను. దించమని ఒకసారి అడిగితే "ఒక్క మనిషి కోసం గట్టు పగలగొడతామా?" అన్నారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, గట్టు మాత్రం అలాగే ఉంది.

నిలువు కర్రలు పాతారు. మర్నాడు నేను అమ్మాయి సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి గూడు పొట్టిగా కనిపించింది. కర్రలు కోసేశారు. పైన వల ఉండాల్సిన చోట చెక్కలు కొట్టేశారు. వడ్రంగి తల గోక్కున్నాడు. సారు ఫోన్ చేశారట. గేటు దగ్గర్నుంచి చూస్తే ఎబ్బెట్టుగా ఉంది, ఎత్తు తగ్గించి ఆ కంతలన్నీ మూసెయ్యమన్నారట.

"తలుపు సంగతి నేను చెప్పానమ్మా. నాలుగడుగులు చాలు, తను వంగి ఊడ్చుకుంటుందిలే అన్నారు."

ఒళ్ళు మండిపోయింది. కోపంలో అన్నా కాస్త నయం. ఎదురుగా ఉన్న మంచినీళ్ళు అందుకున్నంత తేలిగ్గా అనుంటాడు. ఇన్నేళ్ళూ అడక్కుండానే వంగాను కదా, ఆయన మాత్రం ఇంకేమనుకుంటాడు? గోధుమరంగు పెట్ట పాత పెట్టె పక్కన నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆకాశం మూసుకొస్తోంది.

"విప్పెయ్యండి. నేను గీసినట్టే కట్టండి. తలుపు మీరు కొలిచినంత."

"కోసిన కర్రలు పనికిరావమ్మా."

"గుడ్లు పెట్టే అరలకి వాడండి. కొత్తవి తెప్పించండి."

"సారుకి ఏం చెప్పమంటారు?"

"నేను చెబుతాను."

చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "కోళ్ళగూటికి కూడా నీతో మీటింగు పెట్టాలా?" అన్నాడు. పెట్టాలన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు. దాంతో ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మానేశాడని రెండో రోజు సాయంత్రం దాకా నాకు తెలియనే లేదు. తెలిశాక నవ్వొచ్చింది, ఆ తర్వాత సింకు దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చాను.

వానకి ఒక్కరోజు ముందు పెట్టలు కొత్త గూటిలోకి చేరాయి. వారం తిరిగేసరికి గోధుమరంగుది నోరు మూసుకుని నిద్రపోవడం నేర్చింది.

ఆదివారం పొద్దున్న నేను లోపల ఊడుస్తుంటే మా ఆయన పేపరు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎలా ఉందో చూద్దామని అడుగు లోపల పెట్టబోయాడు. ఆరడుగుల మనిషి, నుదురు పైచెక్కకి ఠపీమని తగిలింది. నుదురు రుద్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేసి, తలుపుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇంత పొట్టి తలుపు ఎవరికి పెట్టించావు?"

"నాకు," అన్నాను.