సుగ్గి కాలపు గుండిగ

నేను ఒక సత్తు గుండిగను. నలభై మంది పిల్లలకు ఒక్క వాయిలో అన్నం వండగలిగినంత కడుపు నాది. ఇప్పుడు ఆదోనిలో ఒక పాత సామాన్ల అంగట్లో, విరిగిన కుర్చీలకూ చిల్లులు పడిన బిందెలకూ నడుమ బోర్లా పడి ఉన్నాను. కరిగించేదాకా నాతో ఎవరికీ పని లేదు. అందుకే నేను చూసింది చెప్పుకోవడానికి కాస్త తీరిక దొరికింది.

నా పుట్టుకలో గొప్పలేం లేవు. ఒక కార్ఖానాలో గుండ్రటి సత్తు రేకును తిరిగే అచ్చు మీద పెట్టి, ఒక మనిషి ఒంట్లో బలమంతా వేసి వత్తితే నేను తయారయ్యాను. నాతోపాటు పుట్టినవాళ్ళు షామియానా అంగళ్ళకు పోయారు. పెళ్ళి విందులూ పాయసాలూ వాళ్ళ రాత. నన్ను బజారి అనే బడిపంతులు కొన్నాడు. కొనేముందు పుచ్చకాయ బేరమాడేవాడిలా నా వీపు మీద టకటకా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఏం వినిపించిందో గాని తల ఊపాడు.

"పేరు ఏం కొట్టమంటావు సారూ?" అని అడిగాడు అంగడివాడు.

ఎక్కడో దూరదేశంలో మనుషులు పోగుచేసి పంపిన డబ్బుతో కొన్న గుండిగను నేను. బజారి సారు వాళ్ళ సంస్థ పేరు చెప్పాడు. అంగడివాడు రెండుసార్లు పలకబోయి, నోరు తిరగక, "నాలిక మడత పడతాంది సారూ, ఇంకేదన్నా చెప్పు" అన్నాడు. అలా నా అంచు మీద చుక్కలు చుక్కలుగా 'దాతల కానుక' అని పడింది. సముద్రాలు దాటి వచ్చిన మంచితనం ఆఖరికి పేరు లేకుండానే పొయ్యి ఎక్కింది.

నన్ను తీసుకుపోయిన ఊరు వాన చాలని ఊరు. దీపావళి దాటితే చేలల్లో పని ఉండదు. జనం మూటలు కట్టుకుని, లారీలెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. మళ్ళీ ఉగాదికి గాని ఇల్లు చేరరు. పెద్దవాళ్ళ వెంట పిల్లలూ పోతారు. బడిలో పంతులూ గోడలూ మిగులుతాయి. ఆ నెలలు పిల్లల్ని బడిలోనే పడుకోబెట్టి, మూడు పూటలా తిండి పెట్టి, చదువు ఆగకుండా చూడడానికి బజారి సారు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి తెరిపించినదే సుగ్గి హాస్టలు. గోడల మీద బొమ్మలు వేశారు, కొత్త పుస్తకాలు తెచ్చారు. అయినా లింగమ్మ అనే తల్లి లారీ ఎక్కేముందు వచ్చి చూసింది బొమ్మల్ని కాదు. నా మూత తీసి, లోపల ఉడుకుతున్న అన్నాన్ని చూసి, కూతురి చేతిని వంటామె చేతిలో పెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

ఆ కూతురు ఉలిగమ్మ. అప్పటికి రెండో తరగతి. ఆ వంటామె హుసేనమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా "అక్కా, అన్నం" అంటుంటే ఆమె ఎంత విసుక్కునేదో అంత వెలిగిపోయేది.

ఉలిగమ్మకు చదువు త్వరగా పట్టుబడింది. కంటికి కనబడిన అక్షరాన్నల్లా చదివేది. సబ్బు కాగితం, బస్సు బోర్డు, ఆఖరికి నా అంచు. ఒకరోజు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి అడిగింది.

"సారూ, దాతలంటే ఎవరు?"

"మనల్ని చూడకుండానే మనకు అన్నం పెట్టేటోళ్ళు."

"చూడకుండా పెడితే మనకు ఆకలైతాందని వాళ్ళకెట్ల తెలుస్తాది?"

బజారి సారు నవ్వాడు. వరస ముందుకు జరగమని చెయ్యి ఊపాడు.

పొయ్యి మీద నుంచి దింపాక నా ఒళ్ళంతా మసి ఉండేది. ఉలిగమ్మ ఆ మసి మీద వేలితో రాసేది. అది చూసి హుసేనమ్మ, "నా పేరు కూడా నేర్పీమే. ఆదివారం నీకు బొరుగుల ఉగ్గాని ఇంకొంచెం ఎక్కువ పెడతా" అంది. లంచం కుదిరింది. రోజూ అంట్లు తోమేముందు ఇద్దరూ నా పక్కన గొంతుక్కూర్చునేవాళ్ళు. ఉలిగమ్మ రాసేది, హుసేనమ్మ దాని కింద దిద్దేది. హు దగ్గర కొమ్ము మరిచిపోతే ఆ బుడ్డ పంతులమ్మ గదమాయించేది. "అక్కా, కొమ్ము లేకుంటే నువ్వు హుసేనమ్మ కావు, హసేనమ్మవు!" నేను చాలా వంటలు మోశాను గాని, నా ఒంటి మీద అంత ఇష్టంగా మోసింది ఆ మసి రాతలనే.

రెండో ఏడు దాతల్లో ఒకామె మమ్మల్ని చూడడానికి వచ్చింది. తల ముగ్గుబుట్ట. పిల్లల మధ్య నేల మీద కూర్చుని, మా పప్పన్నం తిని, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వడ్డించమంది. మంచి మనిషి. ఆమె గురించి చెడ్డమాట చెప్పమంటే నా వల్ల కాదు.

మూడో ఏడు దీపావళికి ముందు పట్నం నుంచి ఇద్దరు ఉద్యోగులు వచ్చారు. గోడ మీద వెలుగుబొమ్మలు వేసి, మా హాస్టలు ఎంత చక్కగా నడిచిందో చూపించారు. ఎంతమంది పిల్లలు ఊళ్ళో ఆగారో, ఎంత బాగా చదువుతున్నారో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వాళ్ళు, ఇంత బాగా నడిచింది కాబట్టి ఇక ఊరే దీన్ని సొంతం చేసుకుని నడుపుకోవాలన్నారు. ఇంకో దేశంలో యుద్ధం వచ్చిందట. నిధులన్నీ అక్కడి పిల్లలకు పోతున్నాయట. ఆ పిల్లల ఆకలీ ఆకలే, కాదనను. కానీ ఒకరి పళ్ళెంలోంచి తీసి ఇంకొకరి పళ్ళెంలో వేస్తుంటే, మొదటి పళ్ళెం పట్టుకున్న బిడ్డకు ఏం చెప్పాలో మనుషులు ఇంకా కనిపెట్టినట్టు లేదు.

బజారి సారు ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పైకి రాశామన్నారు, వచ్చే నెల వస్తుందన్నారు. వచ్చే నెలకు ఊరే ఖాళీ అవుతుందని ఆయన చెబితే, నిజమేనని బాధపడ్డారు కూడా. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి గింజలు అడిగాడు. జోలె పడితే లేదనే ఊరు కాదు. కానీ ఆ ఏడు వాళ్ళ గాదెల్లోనే గింజ లేదు.

ఉలిగమ్మ నాయన తిక్కయ్య ఆమె గుడ్డల సంచీ కోసం వచ్చాడు. హుసేనమ్మ అడ్డం నిలబడింది.

"ఒక్క నెల ఆగు తిక్కయ్యా. నా ఇంట్లో పెట్టుకుంటా. నేను తినేదే అది తింటాది."

"నువ్వేం తింటాండావో నాకు తెల్దా అక్కా? పని పాయె, నీకే దిక్కు లేదు" అన్నాడు తిక్కయ్య. మోటుగా అనలేదు. ఏడుపు ఆపుకుంటూ అన్నాడు.

ఉలిగమ్మ పుస్తకాలు సంచీలో అడుగున పెట్టి, వాటి మీద పావడాలు పెట్టుకుని పోయింది.

నాలుగు రోజులకు హుసేనమ్మ కూడా సుగ్గికి బయలుదేరింది. పోతూ పోతూ బజారి సారును, "తిక్కయ్యోళ్ళ గుంపుకు వండిపెట్టే పని ఇస్తామన్నారు. గుండిగ తీసుకుపోదునా?" అని అడిగింది. ఆయన ఖాళీ గదుల వైపు చూసి, "తీసుకుపో. ఇక్కడ దీంట్లో ఎలుకలు కాపురం పెడతాయి. కనీసం పిల్లలు యాడుంటే ఆడ ఉండనీ" అన్నాడు.

అలా నేనూ లారీ ఎక్కాను.

కాలువ గట్టు మీద పట్టల గుడిసెలు, ఎటు చూసినా ఎర్రటి చేలు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎంతో అందం. దగ్గరికొస్తే గాలే దగ్గిస్తుంది. ఉలిగమ్మ పొద్దున మిరప కోసేది, మధ్యాహ్నం రెండేళ్ళు దాటిన చెల్లెలు నాగవేణిని చంకనేసుకునేది. వారం తిరక్కుండానే ఆమె వేళ్ళు మంటలెక్కాయి. అన్నం కలుపుకోలేక పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చునేది. హుసేనమ్మ కొబ్బరినూనె రాసి, ముద్దలు చేసి నోట్లో పెట్టేది. కన్ను దురద పెట్టినా ఆ పిల్ల చేత్తో తాకేది కాదు, భుజానికి రుద్దుకునేది.

కాలువకు అవతల ఒక బడి ఉంది. చెల్లెల్ని ఎత్తుకుని ఆ కిటికీ దగ్గర నిలబడేది. ఒకరోజు అక్కడి పంతులు లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆ రోజు గుడిసెకు పరుగున వచ్చి, "అక్కా, వాళ్ళకు వచ్చే పాఠం నాకూ వస్తాది! ఆ సారు శెబాష్ అన్నాడు!" అని నా చుట్టూ గంతులేసింది. మర్నాడు నాగవేణి తరగతిలో గుక్కపట్టి ఏడ్చింది. పంతులేమీ అనలేదు. ఉలిగమ్మే లేచి బయటికి వచ్చేసింది. ఆ వారం చివర గుంపు ఇంకో ఊరి చేలకు మారింది. అక్కడ దగ్గరలో బడి లేదు.

ఆ తర్వాతి సుగ్గికీ అంతే, ఆ పై సుగ్గికీ అంతే. ఉగాదికి ఊరొచ్చినా, ఎండాకాలం సెలవులు పోను మిగిలిన నెలల్లో ఇంటి పని, చెల్లెలు, కూలి. బజారి సారు పిలిచినప్పుడల్లా "రేపొస్తా సారూ" అనేది. పుస్తకాలు సంచీ అడుగునే ఉండి మిరప వాసన పట్టాయి.

మూతపడిన నాలుగో ఏడు హాస్టలు మళ్ళీ తెరిచారు. ప్రభుత్వం నిధులిచ్చింది. గోడలకు కొత్త రంగు వేశారు. హుసేనమ్మ నన్ను చింతపండుతో తోమి తోమి మెరిపించి, పొయ్యి మీద పెట్టింది. లారీలు బయలుదేరే రోజు పొద్దున తల్లులు పిల్లల్ని తెచ్చి దించుతున్నారు. తిక్కయ్య ఇద్దరు కూతుళ్ళతో వచ్చాడు. సంచీ మాత్రం నాగవేణి చేతిలో ఒక్కటే ఉంది.

హుసేనమ్మ ఉలిగమ్మను చూసి పొంగిపోయింది. బియ్యం ఎసట్లో పోసి, పొయ్యి ముందు నేల మీద బూడిద పరిచి, "ఇటు రామే. నేను మరిచిపోలేదు చూడు" అంటూ వేలితో తన పేరు రాసింది. కొమ్ము పెట్టింది గాని, తొందరలో నడుమ 'న' రాయడం మరిచిపోయింది. "తప్పుంటే చెప్పు పంతులమ్మా."

ఉలిగమ్మ వంగి చూసింది. పెదాలు కదిలాయి. చాలాసేపు చూసింది.

"బాగుందక్కా. తప్పేం లేదు."

వెనకే నిలబడిన బజారి సారు ఆ బూడిద రాతను చూశాడు. ఉలిగమ్మ ముఖం చూశాడు. తిక్కయ్య వైపు తిరిగాడు.

"పెద్దపాపను కూడా ఇడిసిపెట్టు తిక్కయ్యా. నా కాడ కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్తా. అంతా మళ్ళీ వస్తాది."

"ఇప్పుడది నాకంటే ముందు సాలు పట్టుకుని పోతాంది సారూ. అది రాకుంటే గుంపు మేస్త్రి మమ్మల్ని లారీ ఎక్కించుకోడు. చిన్నదాన్ని చదివించు. పెద్దదాని కాలం అయిపాయె."

"ఆ వయసుకే కాలం అయిపోతాదా?"

బయట లారీ హారన్ మోగింది. ఉలిగమ్మే అంది, "పోదాం పా నాయనా, తిడతాడు."

చెల్లెలి జుట్టు సవరించి, "సారు చెప్పింది ఇను. ఏ రోజుది ఆ రోజే సదువుకో, రేపని అనొద్దు" అంది. హుసేనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కాయలు కాచి, పగిలి, గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉన్నాయి ఆ చేతులు. ఉలిగమ్మ నెమ్మదిగా విడిపించుకుని లారీ వైపు నడిచింది.

హుసేనమ్మ గేటు దాకా పోయి అక్కడే నిలబడిపోయింది. లారీ మలుపు తిరిగింది. దుమ్ము అణిగింది. ఆమె కదల్లేదు. కింద మంట ఎగదోసినట్టు మండుతోంది, నాలో నీళ్ళు ఇగిరిపోతున్నాయి. ఇంత నోరున్నదాన్ని, ఒక్క కేక వేయలేకపోయాను.

ఆ పూట అన్నం అడుగంటింది. బజారి సారు పైపైన తీసి పిల్లలకు వడ్డించాడు. మాడు వాసన వచ్చినా పళ్ళేలు ఖాళీ అయ్యాయి. హుసేనమ్మ తినలేదు. నాగవేణి తిన్నది, ఇంకొంచెం అడిగింది, పెట్టించుకుంది.

తర్వాత రెండేళ్ళకు, అన్నం ఎక్కడో ఒకచోట వండి అన్ని హాస్టళ్ళకూ బండిలో పంపే పద్ధతి వచ్చింది. నాతో పని తీరిపోయింది. ఇక్కడికి తెచ్చిన రోజు అంగడివాడు నన్ను ఎండకు ఎత్తి లోపలికి చూశాడు. "ఎంత మంచి గుండిగప్పా! ఈ అడుగున నల్లమచ్చ ఏంది? తోమడం చేతకాలేదా ఎవరికీ?" అన్నాడు.

హుసేనమ్మ బూడిదతో తోమింది, ఇసుకతో తోమింది, ఇటుకపొడితో తోమింది. చేతులు నొప్పి పుట్టేదాకా తోమింది. అది పోలేదు.