మూడో పెడలు

ఏరు పొంగి ఊళ్లో తలుపులన్నీ ఉబ్బిపోయిన ఏడాది అది. వరద తీశాక ఏ ఇంటి తలుపూ గుమ్మంలో పట్టలేదు. కొందరు దుప్పటి అడ్డం కట్టుకుని పడుకున్నారు. వడ్రంగికి మాత్రం చేతినిండా పని. చేసిన తలుపులు షెడ్డు గోడకు ఆనించి వరసగా నిలబడ్డాయి. వాటిని ఇళ్లకు చేర్చే బండి కూడా నిలబడిపోయింది.

బండి అంటే వెనక తొట్టి ఉన్న పికప్పు. గేర్లు దానంతట అదే మార్చుకునే రకం. తోలేది వడ్రంగి కాదు, ఆయన భార్య. ఆయన ఒకసారి స్టీరింగు పట్టాడు గానీ, దారిలో ప్రతి గుమ్మం వంకా చూస్తుంటే బండి కూడా అటే పోయింది. ఆ రోజు నుంచి ఆవిడే తోలుతోంది. రెండే పెడళ్లు, పోవడానికి రేసొకటి, ఆగడానికి బ్రేకొకటి. ఆ సీట్లో కూర్చుందంటే ఆవిడ ఎవరినీ లెక్కచేసేది కాదు. ఒంటిమీది నగలన్నా అంత మమకారం లేదు ఆవిడకు.

వరదలో గేరుబాక్సులోకి నీళ్లు పోయాయి. విప్పి చూస్తే ఆయిలు పాలు కలిసిన టీలా ఉంది. మెకానిక్కు స్వయానా ఆవిడ తమ్ముడు. అలాంటి గేరుబాక్సు ఇప్పట్లో దొరకదని తేల్చేశాడు. తుక్కుబళ్ల దొడ్లో ఇదే రకం పాత బండి ఒకటుందనీ, దానికి చేత్తో మార్చే గేర్లనీ, అవి తెచ్చి పెట్టేస్తే సరిపోతుందనీ అన్నాడు. వడ్రంగి సరేనన్నాడు. తలుపులు పోవాలి గదా. బండి తోలే మనిషిని ఓ మాట అడగాలని బావకూ తట్టలేదు, బావమరిదికీ తట్టలేదు. ఆవిడేమో ఇంట్లో బురద కడుగుతోంది.

ఇద్దరూ బండి కిందకి దూరారు. పాతది దింపి, తెచ్చినది ఎక్కించి, క్లచ్చుప్లేటు బిగించి, దాన్ని తొక్కడానికి మూడో పెడలు అమర్చారు. గేరు రాడ్డు పైకి రావడానికి కేబిన్ నేల కోయాల్సి వచ్చింది. చెక్కయినా రేకయినా గీత గీతేనని వడ్రంగి పెన్సిలుతో గీసి మరీ కోయించాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టు పొడుగు కుదరక తుక్కు బండిదే పట్టుకొచ్చి వేశారు. అంతా అయ్యాక తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. పాత లివరు పార్కింగులో ఉంటే తప్ప స్టార్టు కానివ్వని వైరు ఒకటుందట. బావమరిది దాన్ని కలిపి ముడేస్తే అప్పుడు గుర్రుమంది.

"దీనికింకా గేర్లు మారిన సంగతి తెలీదు బావా. పార్కింగులోనే ఉన్నాననుకుంటోంది," అన్నాడు.

"మీ అక్కకూ తెలీదురా," అన్నాడు వడ్రంగి.

ఇద్దరూ ఒకేసారి ఇంటి వైపు చూశారు.

ఆవిడ వచ్చి చూసింది. ఈ మూడోది ఎవరికని అడిగింది. క్లచ్చని తమ్ముడు నసిగాడు. నాకున్నవి రెండు కాళ్లు, మూడో పెడలు పెట్టినవాళ్లే తోలుకోండని తాళం మేకుకు తగిలించి లోపలికి పోయింది. బావమరిది పక్క ఊళ్లో తడిసిన మోటార్లున్నాయంటూ చల్లగా జారుకున్నాడు.

వడ్రంగికి అన్నం సహించలేదు. తలుపుల మాట అటుంచి, బండి తోలని మనిషి ఆవిడలాగే లేదు. పిలిస్తే ఊ అంటోంది, అంతే. ఆయనకొచ్చిన విద్య ఒకటే. టేపుతో కేబిన్ కొలిచి, కిందకి దిగి, బండి ఎదురుగా నిలబడి పలక మీద గుర్తులు పెట్టుకున్నాడు. ఒక పీట చేశాడు. దాని ముందు స్ప్రింగులేసిన మూడు చెక్క పెడళ్లు, పక్కన గేరు రాడ్డు. రాడ్డుకు గుండ్రటి బొడిపె చెక్కి, నున్నగా పాలిషు పట్టాడు. అలక తీరడానికి సగం పని ఆ బొడిపే చేసింది. ఆవిడ వచ్చి కూర్చుంది.

"రేసు ఎడంపక్కకి వచ్చిందేంటయ్యా?"

"గేర్ల బండికి అంతే," అన్నాడాయన, ఎన్నడూ తోలనివాడి ధీమాతో.

ఆవిడ నమ్మింది. తీరికైనప్పుడల్లా రంపప్పొట్టు మధ్య కూర్చుని సాధన చేసింది. ఆయన చిత్రిక పడుతూనే నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. గేరు తప్పితే దగ్గి ఆగిపోయేవాడు. దగ్గు ఎక్కువైందేమిటి, ఆయిలు మార్చాలా అని ఆవిడ ఎకసెక్కమాడేది. చివరికి కాళ్లు వాటంతట అవే ఆడసాగాయి.

బావమరిది తిరిగొచ్చాక ఆవిడ బండెక్కింది. స్టార్టు చేసి, నేర్చుకున్నట్టే కుడికాలితో క్లచ్చనుకున్నదాన్ని అడుగుకంటా తొక్కింది. ఇంజను ఊరంతా వినపడేలా అరిచింది. గేరు వెయ్యబోతే పళ్లు నూరింది. ఎడంకాలితో రేసిద్దామని తొక్కితే గేరు మాత్రం చక్కగా పడింది. ఇదేమిటని ఆ కాలు తీసి చూసేసరికి బండి ఒక్క గెంతు గెంతి రంపప్పొట్టు గుట్టలో మూతి దూర్చి ఆగిపోయింది.

బావమరిది పరుగున వచ్చి, షెడ్డులో పీటను చూసి నిలబడిపోయాడు.

"ఇది ఎటు నిలబడి కొలిచావు బావా?"

"ఎటేంటిరా. తలుపుకి కొలిచినట్టే, వీధివైపు నిలబడి."

తలుపుల పనిలో కుడి ఎడమలు ఎప్పుడూ బయట నిలబడ్డవాడివే. బండికీ ఆయన అదే చేశాడు. లోపల కూర్చున్న మనిషి కుడి ఆయన పలక మీద ఎడమైపోయింది. బావమరిది పీట మీద కూలబడి నవ్వాడు. ఆవిడ జుట్టులో పొట్టు దులుపుకుంటుంటే వడ్రంగి తల ఎత్తలేదు. ఇక ఆవిడ ఈ జన్మలో తాళం ముట్టదనుకున్నాడు. తలుపులు తానే చేర్చిపెడతానని తమ్ముడన్నాడు. అక్క చూసిన చూపుకు ఆ మాట మింగేశాడు.

ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. సీట్లోకి తొంగిచూసింది. స్టీరింగు కుడిపక్క. క్లచ్చు ఎడమ చివర, పక్క సీటు వైపు.

"కుడికాలు సర్దుకుంటుంది, దానికి పాత అలవాటుంది," అంది మొగుడితో. "ఎడంకాలే నా మాట వినడం లేదు. తప్పు నీది. కాలు కూడా నువ్వే పెట్టు."

మర్నాడు పొద్దున్నే ఆయన తలుపులు తొట్టిలోకి ఎక్కించి తాడు బిగించాడు. చెప్పులు విడిచి, పక్క సీటెక్కి, గేరు రాడ్డు ముందునుంచి కుడికాలు చాపి క్లచ్చు మీద పెట్టాడు. ఆవిడ తాళం తిప్పింది.

"నొక్కు."

నొక్కాడు. గేరు పడింది.

"ఇప్పుడు వదులు. మెల్లగా."

ఆయన ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలాడు.