ఒకరి చదువు ఒకరికి

హాస్టల్ పై అంతస్తులో చివరి గది చేతికిచ్చే రోజున వార్డెన్ మేడమ్ చెప్పే మాటలు ఏటా అవే. "కిటికీ గడియ వదులు, గట్టిగా లాగకండి. ఈ గదిలో ఒకరు చదివింది, రెండోవాళ్లు ఎక్కడున్నా సరే, వాళ్ల బుర్రలోకి పోతుంది, పుస్తకాలు మార్చుకుని చదువుకోండి. బకెట్ మీదే తెచ్చుకోవాలి."

కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలూ బకెట్ గురించే దిగులుపడ్డారు. పొడుగ్గా ఉన్నామెకి నిచ్చెన అనీ, ఒక్కచోట కుదురుగా కూర్చోలేని రెండో ఆమెకి ఉడత అనీ వారం తిరక్కుండానే పేర్లు పడ్డాయి. ఉడతది హిస్టరీ, నిచ్చెనది కెమిస్ట్రీ. కాబట్టి ఉడత అర్థం కాని ఫార్ములాలు నిచ్చెన కోసం గడగడా చదివేది. నిచ్చెన ఉడత కోసం రాజుల కథలు చదివేది. లైబ్రరీలో ఎవరిది వాళ్లకే ఉంటుంది గానీ, ఈ గదిలో ఎక్కినంత గట్టిగా ఎక్కదు. ఎక్కిన సంగతి మాత్రం, కూరలో ఉప్పులాగా, ఎవరో అడిగి రుచి చూసేదాకా తెలియదు.

రెండేళ్లు ఇలా గడిచాయి. హిస్టరీ చదువుతూ నిచ్చెన పడీ పడీ నవ్వేది, మంచం మీంచి లేచి కూర్చునేది, "ఒసే, ఇది విన్నావా!" అనేది. అయితే చదివిందంతా ఉడతకే చేరేది. నిచ్చెన దగ్గర మిగిలేది ఆ సంతోషం ఒక్కటే.

రెండో ఏడు చివర్లో ముగ్గురు టీచర్ల ముందు కూర్చుని మాట్లాడాలి. ఏ సబ్జెక్టులో నెగ్గితే అదే ఇక మెయిన్. నెగ్గకపోతే ఇంటికే.

"నీకు ఇష్టమైంది హిస్టరీ. మీ అమ్మతో చెప్పు," అంది ఉడత.

"మా అమ్మ పొద్దస్తమానం మందుల షాపులో నిలబడేది నేను కెమిస్ట్రీ చదవాలనే."

"అని ఆవిడ చెప్పిందా, నువ్వే అనుకున్నావా?"

"నీకెందుకే? నీ పని నువ్వు చూసుకో!"

అంతే, మాటలు బంద్. నిచ్చెన పుస్తకాలు చంకన పెట్టుకుని పొద్దున్నే లైబ్రరీకి పోయేది. డైనింగ్ హాల్లో కూడా ఎదురుపడేది కాదు. ఇక తన కోసం హిస్టరీ చదివే దిక్కు లేదని ఉడతకి అర్థమైంది. లైబ్రరీకి పోయి తన చదువు తను చదువుకోవచ్చు. కానీ మంచం మీద నిచ్చెన కోసం చదవాల్సిన కెమిస్ట్రీ పుస్తకం పడి ఉంది. అది ఎగ్గొడితే ద్రోహం. ఉడత దాన్ని మొదటినించీ చివరిదాకా చదివేసింది. ఆ తర్వాత హిస్టరీ పుస్తకం తీసి, అదీ నిచ్చెన కోసమే చదవడం మొదలుపెట్టింది. కోట ముట్టడి దగ్గర ఆవలింతలొచ్చాయి. అయినా మానలేదు. రెండూ బుర్రలో ఉంటే, ఏది కావాలో అదే తేల్చుకుంటుంది కదా అనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. ముందు నిచ్చెనని పిలిచారు. ఉడత తలుపు పక్కన చెవి పెట్టి నించుంది.

"నీలి రంగు ఎలా తయారవుతుందో చెప్పమ్మా," అంది కెమిస్ట్రీ మేడమ్.

నిచ్చెన తడుముకోకుండా చెప్పింది. చెప్పాక మాట ఆగలేదు. ఆ నీలి మొక్క పండించమని రైతుల్ని ఎలా పీల్చి పిప్పి చేశారో, వాళ్లెలా తిరగబడ్డారో చెప్పుకుపోయింది. హిస్టరీ మాస్టారు కళ్లజోడు తీసి మరీ విన్నారు. నిచ్చెన కెమిస్ట్రీ మేడమ్ వైపు తిరిగింది.

"మేడమ్, ఏమీ అనుకోకండి. నేను హిస్టరీ తీసుకుంటాను."

"అనుకోక ఏం చేస్తానే! నష్టం నాది," అంటూ ఆవిడ నవ్వేసింది.

నిచ్చెన బయటికి వస్తూనే ఫోన్ చేసింది.

"అమ్మా, నేను హిస్టరీ తీసుకున్నాను."

"అదేమిటే? కెమిస్ట్రీ ఇష్టమన్నావుగా?"

"నువ్వు బాధపడతావని అన్నాను."

"నువ్వు బాధపడతావని నేను ఊరుకున్నాను. బాగానే ఉంది మన సంబడం! ముందు ఏదన్నా తిను, గొంతు పీలగా ఉంది."

నిచ్చెన ఫోన్ పెట్టేసి ఉడతని వాటేసుకుంది. "దొంగమొహమా, నాకు హిస్టరీ ఎక్కించింది నువ్వేగా!" ఉడత జవాబు చెప్పేలోపే లోపలినించి పిలుపొచ్చింది.

ఖాళీ బుర్రతో ఇంటికి పోయే పిల్లలా వెళ్లి కూర్చుంది ఉడత. పెట్టె సర్దుకోవడం గురించే ఆలోచిస్తోంది.

"కోట ముట్టడి గురించి చెప్పమ్మా," అన్నారు హిస్టరీ మాస్టారు.

ఉడత నోరు తెరిచింది. కోట తలుపులు మూసుకోవడం, ధాన్యం అయిపోవడం, ఒక్కటొక్కటే వరసగా వచ్చేశాయి. తను డైనింగ్ హాల్లో ఒంటరిగా కూర్చున్నప్పుడల్లా గదిలో ఎవరు తన కోసం చదువుతూ ఉండేవారో అప్పుడు తెలిసింది. తల్లులు గోడ మీంచి పసిపిల్లల్ని శత్రువుల చేతికి అందించిన చోటికి వచ్చేసరికి కళ్లమ్మట నీళ్లు కారాయి.

"ఏమయిందమ్మా?" అన్నారు మాస్టారు కంగారుగా.

"ఏం లేదు సార్. ఇక్కడ మా నిచ్చెన ఏడ్చింది."